బండిలో మిగిలిన పేరు

ప్రింటర్ కొనడానికి హనుమకొండ చౌరస్తాకు వెళ్ళిన రోజు ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూశాను. అలా రెండుసార్లు. నా సంచిలో జానెడు పొడవున్న రేకు రైలు డబ్బా ఉంది. దానికి ఎక్కడ సొట్ట పడుతుందోనని పాత చీరముక్కలో చుట్టి, ఆటోలో దారి పొడవునా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

ఆ డబ్బా మా ఆయన ప్రభుదాసు చేసింది. కాజీపేటలో రైల్వే వ్యాగన్ల మీద నంబర్లు రాసే పెయింటరుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. రిటైరయ్యాక మా కాలనీ చర్చిలో క్రిస్మస్‌కు కట్టే బాలయేసు పాక చుట్టూ తిరగడానికి ఒక చిన్న రైలు తయారు చేశారు. బ్యాటరీతో నడిచే ఇంజను, దాని వెనక ఎనిమిది డబ్బాలు. మొదట పిల్లల సంబరానికే చేశారు. రెండో ఏడు, అప్పుడే కాలం చేసిన దోస్తు పేరు ఒక డబ్బా మీద తెల్లరంగుతో రాశారు. ఆ మరుసటి ఏడు అందరూ వచ్చి అడిగారు. అప్పటినుంచి అదే ఆనవాయితీ. ఆ సంవత్సరం మా చర్చిలో ఎవరు పోయినా వాళ్ళ పేరు ఒక డబ్బా మీద ఉంటుంది. క్రిస్మస్ నుంచి జనవరి ఆరున వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాకా పేర్లు పాక చుట్టూ తిరుగుతాయి. పండుగ పూజ అయ్యాక ఎవరి మనిషి పేరు వాళ్ళే టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో తుడిచేస్తారు. దాన్ని మా దగ్గర పేర్లు దించడం అంటారు. కరోనా వచ్చిన సంవత్సరం డబ్బాలు చాలక ఒక్కోదాని మీద రెండేసి పేర్లు రాశారు.

మొన్న మే నెలలో ఆయనే పోయారు. దవాఖానలో ఆయన టీ కావాలంటే కిందికి దిగాను. వరుసలో నా ముందు ముగ్గురున్నారు. పైకి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. చిన్నప్పుడు మా చెల్లెలు సిస్టర్ల మఠంలో చేరడానికి నెక్కొండలో బండి ఎక్కినప్పుడూ ఇంతే. నేను కింద కూర్చుని సంచి మూతి కడుతున్నాను, తలెత్తేసరికి బండి కదిలింది. నా వాళ్ళు వెళ్ళే సమయానికి నేనెప్పుడూ ఇంకో పనిలో ఉంటాను. మాకు పిల్లలు లేరు. ఇప్పుడు ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే, ఆపితే వినబడే నిశ్శబ్దం గుర్తొచ్చి, ఆపడానికి కూడా భయపడతాను.

నవంబరులో, చర్చిలో ఫాదర్‌కు సాయంగా ఉండే ఉపదేశి విన్సెంట్ వచ్చాడు.

"అక్కా, ఈసారి నాలుగు పేర్లున్నయి. రాసెటోళ్ళెవరు లేకపాయె. కంప్యూటర్ల తీసి కాయితం అంటిద్దమా?"

"బండి మీద కాయితమంటిస్తె గోడకు అంటించిన నోటీసు లెక్క ఉంటది. నేను చూస్త తియ్యి."

ఏం చూస్తానో నాకే తెలియదు. నాలుగు రోజులు ఆలోచించాను. చివరికి మోటారుసైకిళ్ళకు, హెల్మెట్లకు స్టిక్కర్లు చేస్తూ ప్రింటర్లు కూడా అమ్మే ఆయేషా దుకాణం గుర్తొచ్చింది.

ఆయేషాకు ముప్పై అయిదేళ్ళుంటాయి. దుకాణంలో ఒక్కతే. రైలు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "గిదెవరు చేసిన్రమ్మా, కిటికీలు గూడ తెరుసుకుంటున్నయి!" అంది. నేను మొత్తం చెప్పాను. నాలుగు పేర్ల సంగతి, పండుగనాడు దించే సంగతి.

"దీనికి డెకాల్ అయితె మంచిగుంటది," అంది. మాడల్స్ చేసేవాళ్ళు వాడే కాగితం అది. దానిమీద ప్రింట్ చేసి నీళ్ళలో నానబెడితే, పైనున్న పలుచని పొర బొమ్మతో సహా జారి వస్తుంది. దాన్ని రేకు మీద పరిచి గుడ్డతో అద్దితే, రంగు వేసినట్టే ఉంటుందట.

"గని ఒక్క మాట. ఇండ్లల్ల వాడే ప్రింటర్లు ఏవీ తెలుపు కొట్టయి."

"తెలుపు లేకుంటె ఎట్ల బిడ్డా? పేర్లు తెల్లగనే ఉండాలె."

"ఫికర్ జెయ్యకు. తెల్ల డెకాల్ కాయితం మీద డబ్బా రంగు కొట్టి, అక్షరాల జాగ ఖాళీ ఇడిసిపెడ్తం. కాయితం తెలుపే పేరైతది."

అంటే రాయకుండా విడిచిపెట్టిన చోటే పేరు అన్నమాట. కుంచె పట్టి బతికిన మనిషి వింటే నవ్వేవారు.

రెండు రకాల ప్రింటర్లు చూపించింది. ఒకటి ఇంకు ట్యాంకులది, రెండోది టోనర్ పొడిది. నేను బడికి పోలేదు. చర్చిలో అందరూ పాడుతుంటే పాటల పుస్తకంలో వేలు పెట్టి, పాటను బట్టి అక్షరం పోల్చుకుంటూ చదువు నేర్చుకున్నాను. కాబట్టి అట్టపెట్టెల మీద తెలుగులో ఉన్న నాలుగు మాటలూ కూడబలుక్కున్నాను గానీ, ఇంగ్లీషు ముక్కలు ఆయేషానే చెప్పింది. చెప్పడం కాదు, చేసి చూపించింది. రెండింటితో కొట్టిన రెండు ముక్కలు తెచ్చి స్టీలు గిన్నెలో నీళ్ళల్లో వేసింది. ఇంకు ముక్క చుట్టూ బీట్‌రూట్ కడిగినట్టు నీళ్ళు ఎర్రబడ్డాయి. రెండోది అలాగే ఉంది.

"ఇంకుదైతె ముందుగాల్ల పైన వార్నిష్ కొట్టి, ఆరినంకనే నీళ్ళల్ల ముంచాలె. ఫోటోలకు అది బెస్టు, ఇంట్ల జాగ గూడ తక్కువ తింటది. టోనర్‌ది ప్లాస్టిక్ పొడి అనుకో, వేడికి కరిగి పట్టుకుంటది. నీళ్ళకు భయపడది. బరువుంటది, దానికి దాని కాయితమే పెట్టాలె, ఇంకు కాయితం పెడితె లోపల కరిగి సుట్టుకుంటది." గిన్నె పక్కకు జరిపి, "అయినా ఏడాదికొక్కపాలి పనికి ఇంట్ల పెట్టుకునుడెందుకమ్మా? నేనే కొట్టిస్త," అంది.

"ఇంట్లనే కావాలె."

కారణం చెప్పలేదు. ఆయన పేరు మాత్రం ఆయన దస్తూరీలోనే ఉండాలనుకున్నాను. పింఛను పుస్తకంలో ఆయన చేసిన తెలుగు సంతకం ఉంది. ఆ పుస్తకాన్ని ఎవరి దుకాణంలోనూ, ఒక్క పూట కూడా, విడిచిపెట్టలేను.

"రెండిట్ల ఏది పోదు?" అని అడిగాను.

ఆయేషా నవ్వింది. "పోకుండ ఉండుడేంది? పండుగనాడు తుడుస్తమంటివి గద."

"ఏది పోదో చెప్పు బిడ్డా."

నవ్వు ఆపి నా ముఖం చూసింది. టోనర్ ప్రింటర్ మీద వేలు పెట్టింది. "ఇది. మీదికెల్లి రెండు మూడు పూతలు వార్నిష్ కొట్టినవనుకో, ఇగ కింది రంగుతో సహా గీకాల్సిందే."

దాన్నే కొన్నాను.

ఆదివారం ఆయేషానే వచ్చి బిగించింది. ఆయన రంగుల బల్ల మీద పెట్టాము. సంతకాన్ని ఫోటో తీసి, గీతలు శుభ్రం చేసి, మిగతా మూడు పేర్లు మామూలు అక్షరాల్లో నా ఫోనులో పేర్చిపెట్టి, రంగు ఎలా మార్చాలో, ఏ మీట నొక్కాలో నాకు నేర్పి వెళ్ళింది. డబ్బా రంగుకు సరిపడే గోధుమ రంగు కోసం వారం రోజులు కొడుతూనే ఉన్నాను. ఒకటి ఇటుకలా వచ్చింది, ఒకటి చాక్లెట్‌లా, ఇంకొకటి మధ్యాహ్నం సరిపోయి సాయంత్రం వెలుతురులో ఎర్రగా కనిపించింది. పద్దెనిమిదోది కుదిరింది.

మూడు పేర్ల మీద వార్నిష్ వేయలేదు. తడిగుడ్డ కాసేపు వేసి ఉంచి రుద్దితే ఊడి వస్తాయి. ఆయన పేరు మీద మూడు పూతలు వేశాను, రోజుకొకటి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్‌కు రైలు తిరిగింది. ఆయన డబ్బా పాక వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, ఇటువైపు కనబడగానే వదిలాను. పన్నెండు రోజులూ ఏదో ఒక వంకతో చర్చికి వెళ్ళి అక్కడే నిలబడ్డాను. "అక్కా, నీ పెనిమిటిదొక్కటే దస్తూరీ, మావోళ్ళవి అచ్చక్షరాలు," అని శిరీష నిష్ఠూరమాడింది. ఆమె మామ పేరు కూడా ఆ బండిలోనే ఉంది.

ముగ్గురు రాజుల పండుగ వచ్చింది. పూజయ్యాక విన్సెంట్ ఒక్కో పేరే చదివాడు. శిరీష వచ్చి మామ పేరు తుడిచింది. మిగతా రెండు ఇళ్ళవాళ్ళూ వచ్చి తుడిచారు. డెకాల్ పొరలు తడి సిగరెట్ కాగితాల్లా ఊడివచ్చాయి. చివరికి నన్ను పిలిచాడు.

రుద్దాను. తడిగుడ్డతో అయ్యాక టర్పెంటైన్‌తో కూడా రుద్దాను. పోదని నాకు తెలుసు. తెలిసీ రుద్దుతున్నాను.

"ప్రభుదాసన్న దిగనంటాండు!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, గుడ్డ మడత మార్చి మళ్ళీ రుద్దాను.

భద్రమ్మ నా పక్కకు వచ్చింది. మా వీధే. రెండేళ్ళ కింద ఆమె భర్త పేరు కూడా ఇదే బండిలో తిరిగింది.

"గట్టిగ రుద్దు వదినె."

"రుద్దుతనే ఉన్న."

డబ్బా నా చేతిలోంచి తీసుకుని, పేరు అంచున గోరు పెట్టి చూసింది. గోరు జారింది. గొంతు తగ్గించి, "ఏం పూసినవే దీనికి?" అంది.

"వార్నిష్."

"ఎన్నిపాలు?"

"మూడు."

నన్ను తిట్టలేదు. వెనక్కి తిరిగి పెద్దగా, "ఫాదర్, దీనికి ఈ మందు పనిజేస్తలేదు. ఇంటికాడ వేరేది ఉన్నదట. రేపు దించుతది," అంది. ఫాదర్ సరే తల్లీ అన్నారు.

ఆ రేపు రాలేదు. డబ్బాను బల్ల మీద, ప్రింటర్ పక్కన పెట్టుకున్నాను. పొద్దున లేవగానే పేరు ఉందా అని చూసుకునేదాన్ని. ఉండేది. అయినా ఇల్లు అంతే ఖాళీగా ఉంది. దానికి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను, రెండు మాటలు మాట్లాడాను కూడా. చర్చిలో ఎవరైనా అడుగుతారేమోనని ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం కాకముందే బయటపడ్డాను. అలా మనుషులకు కూడా దూరమయ్యాను.

నెల దాటాక, ఉపవాస దినాలు మొదలయ్యే విభూది బుధవారం నాడు, చర్చిలో నుదుటి మీద పెట్టిన బూడిద చెరగకముందే, భద్రమ్మ తలుపు కొట్టింది.

"రేపు దించుతవని అందరి ముంగట నేను చెప్పిన. ఎన్ని రోజులాయె?"

"ఎవరన్న అడిగిన్రా?"

"ఎవరడుగుతరు? పెట్టెల ఏడే డబ్బాలున్నయని విన్సెంట్‌కు తెల్వదా? నోరు తెరుస్తలేడు." బల్ల దగ్గరికి వచ్చి, పేరును చూస్తూ నిలబడింది. "నా పెనిమిటి పేరు దించే దినం నా చెయ్యి లేవలే. ఇంకొక్క దినం ఉండనియ్యన్నా అని కాళ్ళావేళ్ళా పడ్డ. ప్రభుదాసన్న ఏమన్నడో యాదికున్నదా?"

నాకు గుర్తులేదు. ఆ రోజు నేను పాయసం పంచుతున్నాను.

"నా చెయ్యి పట్టుకొని తుడిపిచ్చిండు. ఊరొచ్చినంక దింపకపోతె మనిషి పరేషాన్ అయితడమ్మా అన్నడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అందరు దిగిన్రు వదినె. రాసినాయన ఒక్కడే కూసున్నడు బండిల."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఇన్ని నెలలూ ఆయన నన్ను విడిచి వెళ్ళారనే అనుకున్నాను. ఆయన ఎక్కడికో చేరవలసి ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. అందరూ దిగిపోయిన బండి, దీపాలు ఆర్పేసిన డబ్బా, కిటికీ పక్కన ఆయన. పిలిచే మనిషి లేక అక్కడే కూర్చుని ఉన్నారు. పట్టుకుని కూర్చోబెట్టింది నేను.

గరుకు కాగితం సొరుగులోనే ఉంది. సన్నది తీసి, చిన్న ముక్క చించి, తడిపి రుద్దడం మొదలుపెట్టాను.

"నన్ను ఉండమంటవా, పొమ్మంటవా?"

"ఉండు."

భద్రమ్మ డబ్బాను కదలకుండా పట్టుకుంది. మొదట మెరుపు పోయింది. తర్వాత గోధుమ రంగు బురదలా వేళ్ళకు అంటింది. తెలుపు చాలాసేపు నిలిచింది. చివరి అక్షరం పోయింది, తర్వాత మధ్యవి పోయాయి. మొదటి అక్షరం దగ్గర నా చెయ్యి ఆగింది. ఆమె డబ్బా మీద పట్టు వదల్లేదు. డబ్బా వైపు వంగి, "దిగండి," అన్నాను. ఆయనతో ఆ మాట పైకే అన్నాను. తర్వాత అదీ రుద్దేశాను.

కింద మెరిసే రేకు బయటపడింది. తుడిచి, ఆయన సీసాల్లో ఎండిపోకుండా మిగిలిన గోధుమ రంగు వెతికి, రెండు చేతులతో కుంచె పట్టి పూశాను. అది ఆరేదాకా ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాము.

భద్రమ్మ డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఈడ జర రంగు తేడా కొడ్తాంది వదినె."

"కొట్టనియ్యి," అన్నాను.