ఉప్పు నిలవని మూల

జకరయ్య మావ తవ్విన మూడో గోతిలోనూ ఉప్పునీళ్లే ఊరాయి. మావ వేలు ముంచి నాలుక్కి రాసుకుని, మొహం నానా వంకర్లు తిప్పి, "ఇదీ సముద్రమేనే" అని తేల్చేశాడు. కరుణాకుమారి ఫక్కున నవ్వింది. ఏడవాల్సిన చోట నవ్వొస్తే మనిషి ఏం చేయగలదు?

తహసీల్దారు భానుప్రియ సాయంత్రానికి వస్తానంది. ఆవిడ జీపు దిగేలోగా, ఈ రెండెకరాల్లో ఎక్కడో పూడిపోయిన దొరువు బయటపడాలి. పడితే ఈ నేల కరుణాకుమారిది. పడకపోతే రొయ్యల గుంటల పద్మనాభయ్యది.

దొరువంటే పెద్ద విశేషమేం కాదు. తీరంలో ఇసకని మనిషి లోతున వెడల్పుగా తవ్వితే తియ్యటి నీళ్లూరే గుంత. ఆ నీళ్లు కుండలతో మోసి చల్లి, కరుణాకుమారి నాన్న, సమాధానం అనే ఆయన, ఇక్కడ వంకాయలు, మిరపకాయలు పండించాడు. సర్కారు ఇచ్చిన డీకేటీ పట్టా. అమ్ముకోకూడదు, సాగు చేసుకుని బతకాలి. బతికాడు కూడా, ముప్పై ఏళ్ల కిందట ఆ గొడవ జరిగేదాకా.

కాలవలో వల ఎవరు కట్టాలన్న చిన్న తగవు. అవతలి ఒడ్డు మిట్టపాలెం వాళ్లు బరిసెలతో, నాటుబాంబులతో ఈ పల్లె మీద పడ్డారు. ఈ పల్లె వాళ్లేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తెల్లారేసరికి తాటాకు ఇళ్లు బూడిదయ్యాయి, రెండు వైపులా శవాలు లేచాయి. సమాధానం కూతుర్ని భుజాన వేసుకుని గూడూరు పారిపోయాడు. అక్కడ నిమ్మకాయల మార్కెట్లో బస్తాలు మోస్తూనే పోయాడు. పల్లె మొత్తం అలాగే చెల్లాచెదురైంది. ఖాళీ నేల ఖాళీగా ఎన్నాళ్లుంటుంది? బుచ్చిరెడ్డిపాలెం నుంచి పద్మనాభయ్య వచ్చాడు. "ఎవరూ లేరు, దున్నుకో" అన్నారు మిట్టపాలెం పెద్దలు. ఆయన దున్నలేదు. సగం నేలలో గుంట తవ్వి, ఉప్పుకాలవ నీళ్లు పెట్టి, రొయ్యల్ని వదిలాడు.

"ఇది ఉప్పు పర్ర మేడం. పుల్ల కూడా మొలవని నేల. వీళ్లు సాగు చేసిందెప్పుడు?" అనేది ఆయన వాదన.

"సాగు నేలని ప్రాణభయంతో వదిలి వెళ్లారంటే హక్కు పోదు. అసలు సాగే చేయలేదంటే పట్టా రద్దవుతుంది. ఏదో ఒకటి నా కళ్లకి చూపించండి" అనేది భానుప్రియ మాట.

చూపిద్దామనే కరుణాకుమారి రెండు ఆటోల నిండా బంధువుల్ని, గడ్డపారల్ని, ఒక డబ్బా కజ్జికాయల్ని వేసుకుని దిగింది. చిక్కల్లా ఒకటే. దొరువు ఎక్కడుండేదో అందరికీ ఖాయంగా గుర్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో చోట.

"నీకు బుద్ధుందా? దొరువు ఆడ యాడుంది?" అని జకరయ్య మీద లేచింది ఆయన భార్య అబిగయీలు అత్త. "దొరువు కాడ నేను నిలబడితే చర్చి సిలువ నా ముక్కుకి సూటిగా కనపడేది."

"ఆ చర్చి కాలిపోయింది గదే!"

"సిలువ కాలింది. నా ముక్కు కాలలా. ముక్కు ఇటుండేది, ఇటు తవ్వు."

"ఇసకదిబ్బ పక్కన గదత్తా ఉండింది?" అందింకో వదిన.

"ఆ దిబ్బ లారీలెక్కి నెల్లూరు పోయి, మేడలై కూర్చుంది. పోయి ఆడ తవ్వు!"

అందరూ నడుములు పట్టుకుని నవ్వారు. అంతలోనే అత్త నోరు ఠక్కున మూతపడింది. కట్ట మీద చెంచమ్మ నిలబడి ఉంది. మిట్టపాలెం మనిషి. చంకలో ఖాళీ ప్లాస్టిక్ బిందె. ఆ రోజు గొడవలో అబిగయీలు తమ్ముడు పోయాడు, చెంచమ్మ మొగుడూ పోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఒకేసారి మొహాలు తిప్పుకున్నారు.

పద్మనాభయ్య మాత్రం మజ్జిగ బకెట్టుతో వచ్చాడు. దావా దావాయే, ఎండ ఎండే అనే రకం. పైగా వాగుడుకాయ.

"తవ్వండమ్మా, తవ్వండి. నాకూ మేలే. ఇంకో గుంట కట్టుకుంటా."

"గుంట బాగా గిట్టుబాటవతందా అన్నా?" మర్యాదకి అడిగింది కరుణాకుమారి, గ్లాసు అందుకుంటూ.

"ఏం చెప్పేది తల్లీ! మూడు మూలలు బంగారం. ఆ ఈశాన్యం మూల ఉంది చూడు, అది నా నెత్తురు తాగతా ఉంది. బస్తాలకి బస్తాలు ఉప్పు పోస్తానా, నిలవదు. నాలుగు రోజులకే చప్పబడిపోద్ది. అటు పోయిన రొయ్య పెంకు మెత్తబడి చస్తది. వాస్తు దోషమన్నారు, శాంతి చేయించినా. ల్యాబోళ్లు మందులిచ్చినారు. ఊహూఁ!"

మజ్జిగ గ్లాసు కరుణాకుమారి పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఈశాన్యం మూల. కట్టకి బయట, టార్పాలిన్ కప్పిన ఉప్పుబస్తాల గుట్ట. పొద్దుట్నుంచి అటు ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఉప్పుబస్తాల కింద తియ్యటి నీళ్లు వెతికే పిచ్చివాళ్లెవరుంటారు?

ఇప్పుడే పరిగెత్తి తవ్వాలనిపించింది. తవ్వితే? మోటారు వేసి గుంట నీళ్లు ఆ గోతిలోకి తోడిపోయడానికి పద్మనాభయ్యకి ఎంతసేపు పడుతుంది? తహసీల్దారు వచ్చేసరికి అక్కడ ఇంకో సముద్రం ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, ఈ మాట ఆయన నోటితోనే ఆవిడ చెవిన పడాలి.

ఆగాలి. నోరు మూసుకుని ఆగాలి.

ఆ పని ఒక్కతే చేసి ఉంటే బాగుండేది. సంబరం పట్టలేక అబిగయీలు అత్త చెవిలో ఊదింది. సొంత కోడలు నీళ్లోసుకున్న సంగతి, కొడుక్కి తెలియకముందే ప్రార్థనలో మైకు పట్టుకుని చెప్పిన మనిషి అబిగయీలు అత్త!

"స్తో..." అని అత్త రెండు చేతులూ ఆకాశానికెత్తింది. "...త్రం" బయటికి రాకముందే కరుణాకుమారి ఒక కజ్జికాయని ఆ నోట్లో కుక్కింది.

"నమలత్తా. నోరు తెరిస్తే ఇంకోటుంది."

అత్త కళ్లు మెరుస్తుంటే, బుగ్గలు ఉబ్బించి నమిలింది. ఆ కళ్లు చూసి జకరయ్య మావ పసిగట్టాడు. ఆయన్ని చూసి వదిన. ఇంతలో అందరికీ తెలిసిపోయింది, ఎవరూ నోరు విప్పకుండానే. అందరూ కలిసి ఈశాన్యానికి వీపులు తిప్పి, నైరుతిలో మహా శ్రద్ధగా నాలుగో గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మావ చేతిలో గడ్డపార వణుకుతోంది. ఎవరో కిసుక్కుమంటే కజ్జికాయల డబ్బా చేతులు మారుతోంది.

"ఎండదెబ్బ తగిలినట్టుందే!" అని పద్మనాభయ్య ఇంకో బకెట్టు మజ్జిగ తెప్పించాడు.

డబ్బా అడుగంటుతుండగా జీపు వచ్చింది.

భానుప్రియ దిగి గోతులన్నీ చూసింది. "దొరికిందా?"

"లేదు మేడం" అంది కరుణాకుమారి, తలొంచుకుని. తల ఎత్తితే నవ్వొస్తుంది. "ఈ అన్న మాత్రం చానా కష్టపడతన్నాడు. ఆయన బాధ కూడా ఒకసారి వినండి. ఆ మూల సంగతి చెప్పన్నా మేడానికి."

పద్మనాభయ్య పొంగిపోయాడు. శత్రువే సాక్ష్యమిస్తుంటే ఎవరు పొంగరు? వాస్తు దగ్గర మొదలుపెట్టి ల్యాబు దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పాడు.

"ఎంత ఉప్పు పోసినా నిలవదా అన్నా?" జాలిగా అడిగింది కరుణాకుమారి.

"నిలిస్తే నా చెవి కోసిస్తా! అడుగునుంచి ఏదో తోసుకొచ్చినట్టు చప్పబడిపోద్ది మేడం!"

భానుప్రియ ఆయన్ని చూసింది. మూలని చూసింది. మళ్లీ ఆయన్నే చూసింది.

"ఇది ఉప్పు పర్ర అన్నారు కదండీ?"

"అవును మేడం."

"ఉప్పు పర్రలో ఉప్పు నిలవకపోవడమేంటి?"

పద్మనాభయ్య వెనక్కి తిరిగి ఉప్పుబస్తాల గుట్టకేసి చూశాడు.

"ఇంకేం చూస్తన్నారే!" అని కేక పెట్టింది అబిగయీలు అత్త, చివరి కజ్జికాయ మింగి.

అంతే. జాతర లేచినట్టు పరుగు. బస్తాలు దొర్లాయి. వదిన చీర కొంగు బొడ్లో దోపి పార అందుకుంది. తడి ఇసక ఎగిరి పద్మనాభయ్య తెల్లచొక్కా మీద పడింది. ఇసక ముదురురంగుకి తిరిగింది, మెత్తబడింది. మోకాలి లోతు దాటగానే గోతి అడుగున నీరు బుడబుడమంటూ పైకి లేచింది.

జకరయ్య మావ దోసిలి ముంచాడు. తాగాడు. మొహం వంకర తిరగలేదు. మళ్లీ ముంచాడు. మళ్లీ తాగాడు.

"మావా, చెప్పు!"

"ఉండవే, దప్పికగా ఉంది."

కరుణాకుమారి గోతిలోకి దూకింది. పాదాల కింద ఇసక చల్లగా కదిలింది. చిన్నప్పుడు నాన్న కుండ ముంచితే ఇలాగే కదిలేది. దోసిలితో తాగింది. సగం నీళ్లు చుబుకం మీదుగా కారాయి. నవ్వుతూనే ఉంది. కళ్లలోంచి దిగే నీళ్లు మాత్రం ఉప్పగా ఉన్నాయి.

భానుప్రియ కూడా వంగి తాగింది. "సాగు నేలే. అలాగే రాస్తాను. పట్టా రద్దు కాదు."

పద్మనాభయ్య గట్టు మీద కూలబడ్డాడు. "అయితే ఇన్నేళ్లూ నేను శాంతులు చేయించింది..."

"మా దొరువుకే అన్నా. మేం పారిపోయినాం గానీ, అది పోలా." ఆయన మొహం చూసి ఆమెకి జాలేసింది. మజ్జిగ పోసిన చెయ్యి. "గుంటలో ఉన్న పంట తీసుకుని పో. ఆ తర్వాతే కట్ట తెంచుతాం. ఇప్పుడు ఒక్క పని చెయ్యి, ఆ ఉప్పుబస్తాలు ఎత్తించు. వంకాయ నారు పోయాల."

అందరూ మళ్లీ ఘొల్లున నవ్వారు. ఆ నవ్వు మధ్యలో చెంచమ్మ కట్ట దిగి వచ్చింది. గుంటలు తవ్వాక మిట్టపాలెం బావులన్నీ ఉప్పుదేలాయి. ఆ ఊరు ఇప్పుడు నీళ్లు కొనుక్కుని తాగుతోంది. ఆమె ఖాళీ బిందె చంక మార్చుకుని, గోతికి కాస్త దూరంలో నిలబడింది.

అందరూ అబిగయీలు అత్త వైపు చూశారు. అత్త చెంచమ్మ బిందెకేసి చూసింది. ఆటో దగ్గరికి నడిచి వెళ్లి, కజ్జికాయల ఖాళీ డబ్బా తెచ్చుకుని, గోతి అంచున గొంతుక్కూర్చుంది.

"ఏమే చెంచమ్మా, చూస్తా నిలబడ్డావేంది?" అంది వెనక్కి తిరక్కుండానే. "వరసలోకి రా. నా ఎనకాల."