రెండో స్నానం

బ్యాంకులో అందరి తోలూ తీసే రవిచంద్ర, అమ్మ డెబ్బైఐదో పుట్టినరోజుకని తనే తోలు కుట్టాడు. నాంపల్లిలో బైండింగు చేసే గౌస్ భాయ్ పక్కన నాలుగు ఆదివారాలు కూర్చుని, వేళ్ళు పొడుచుకుని మరీ తోలు అట్టల ఫొటో ఆల్బమ్ తయారుచేశాడు. అబిడ్స్‌లో ఎదురైన ప్రతివాడికీ దాని గొప్ప చెప్పి చెవులు కూడా కుట్టాడు.

మడిచీరలో వచ్చిన అమ్మ, బుజ్జమ్మ, చేయి చాపబోయి ఆగింది.

"తోలా నాన్నా ఇది?"

రవిచంద్ర గతుక్కుమన్నాడు. బెల్టూ పర్సూ గుమ్మం పక్క మేకుకి తగిలించి లోపలికి రావడం చిన్నప్పటినుంచీ అలవాటే. ఇవాళా తగిలించాడు. ఆల్బమ్‌ని మాత్రం మోసుకొచ్చాడు.

"పోనీ, నువ్వే తిప్పరా. చూస్తాను."

మూడో పేజీలో నాన్న నవ్వుతున్నాడు. ఆవిడ చేయి ఇక ఆగలేదు. ఫొటో నిమిరి కళ్ళకద్దుకుంది. కొడుకు వేళ్ళమీది సూదిపోట్లూ నిమిరింది.

"ఎంత బాగా కుట్టావురా!" అంది. మడివంట ఇంకా మిగిలే ఉంది గనక, మళ్ళీ స్నానానికి లేచింది.

పుష్యమాసపు చలి. లోపల చన్నీళ్ళు చెంబు తరవాత చెంబు పడుతుంటే, మేకున వేలాడే బెల్టువైపు చూడలేక రవిచంద్ర తల దించుకున్నాడు.