దున్నక్క చేతి ముద్ద

దవడ కింద వేలాడే ముడతను బొటనవేలితో పైకెత్తి, తడిగుడ్డ లోపలికి పోనిచ్చి, ఊరిన చొంగనూ దానికి అంటుకున్న రంపపు పొట్టునూ ఒక్క లాగులో తుడిచేసింది ఆమె. రెండో వైపు తిప్పమన్నట్టు గడ్డం మీద తట్టింది. కుక్క తల తిప్పింది. తల అంటే అలాంటి ఇలాంటి తల కాదు, నీళ్ల బిందె అంత. కాగితాల్లో దానికి నోరు తిరగని పేరొకటి ఉండేది. కలప అడితిలో పనివాళ్లు చూసిన మొదటిరోజే దున్న అన్నారు, అదే ఖాయమైంది. దాన్ని సాకుతున్న పాపానికి గేటు కాపలా చూసే ఈమె దున్నక్క అయిపోయింది. మొదట్లో మూతి ముడిచేది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుంటుంది.

ముందుకాళ్ల మోచేతుల దగ్గర దున్నకు చర్మం మొద్దుబారింది. అంత బరువుతో సిమెంటు నేల మీద పడుకుంటే మరేమవుతుంది. గోనెసంచిలో పొట్టు కుక్కి పరుపు కుట్టిందామె. దున్న ఆ పరుపు మీద తల మాత్రం పెట్టి, మిగతా ఒళ్లంతా నేల మీదే పారేసుకుంటుంది.

"నీ ముఖానికి పరుపొకటి," అని తిడుతూ మోచేతులకు నూనె రాసింది. దున్న హాయిగా కళ్లు మూసుకుంది.

దీనికి ముందు అడితిలో ఇంకో కుక్క ఉండేది. గోడ అవతలి నుంచి ఎవరో విసిరిన మాంసం తిని, ఆమె కళ్ల ముందే గిలగిల్లాడి పోయింది. అందుకని దున్న కూనగా వచ్చినప్పటి నుంచీ ఆమె దానికి ఒక్కటే చదువు చెప్పింది. ఎదురుగా ఏమున్నా ముట్టకూడదు. ఆమె ఎడమచెయ్యి గొంతు కింద ఆనాలి, కుడిచేత్తో ముద్ద అందించాలి, "కానియ్యి తండ్రీ" అనాలి. అప్పుడే నోరు తెరవాలి. రంపం మేస్త్రీ ఓసారి పంతం పట్టి ఎముక చూపించి బతిమాలాడు. దున్న ముఖం తిప్పుకుంది. చొంగ మాత్రం ధారగా కారుతూనే ఉంది.

ఆమె జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడైతే అది ఉత్త మంచినీళ్లతో సరిపెట్టుకుని డొక్కలు ఎండగట్టుకుంది. అడితి యజమాని పెద్దాయన స్వయంగా కారేసుకుని వచ్చి ఆమెను తీసుకెళ్లాడు. "ఇది నాది కాదమ్మాయ్, నీదే. ముసలిదైనా నీ దగ్గరే ఉంటుంది," అన్నాడు ఆ రోజు. ఆ మాట ఆమె కొంగున ముడేసుకుంది. ఇంట్లో తనవాళ్లంటూ ఎవరూ లేని మనిషికి ఆ మాటే పెద్ద ఆస్తి.

ఈరోజు పెద్దాయన మామూలు వేళ కంటే ముందే వచ్చాడు. చేతిలో చిన్న పొట్లం.

"దీని వెనక కాళ్లు పట్టేస్తున్నాయన్నావు కదా. డాక్టరు మాత్రలిచ్చాడు. ముద్దలో పెట్టేయ్."

"ఎన్నాళ్లు వెయ్యాలండీ?"

"ఇవాళ్టికి చాలు."

ఆ కాళ్ల సంగతి ఎప్పుడో చెప్పింది. వినిపించుకోలేదనుకుని లోలోపల గొణుక్కుంది కూడా. మనిషిని అనవసరంగా ఆడిపోసుకున్నానని ఇప్పుడు నొచ్చుకుంది. రోజూ దున్న తల నిమిరిగానీ లోపలికి పోని పెద్దాయన, ఇవాళ నిమరకుండానే వెళ్లిపోయాడు. ఆమె అది పట్టించుకోలేదు.

ఉడికిన మాంసం మెత్తగా పిసికి, మాత్రలు లోపల దాచి ముద్ద చేసింది. దున్న వాసన చూసి ఆగింది. ఆమె ముఖంలోకి చూసింది.

"మందురా. నేను పెడుతుంటే కూడా అనుమానమా?" అని గొంతు కింద చెయ్యి ఆనించింది. "కానియ్యి తండ్రీ."

తినేసింది.

కాసేపటికి దాని వెనక కాళ్లు తడబడ్డాయి. పరుపు దాకా పోలేక గేటు నీడలో కూలబడింది. ఆమె ఆఫీసు గదికి పరుగెత్తింది.

"అయ్యగారూ, డాక్టర్ని పిలవండి. ఏదో అయింది దానికి."

పెద్దాయన ఫోను లోంచి తలెత్తలేదు. "ఏం కాదు. నిద్ర, అంతే."

అప్పటికే గేటు దగ్గర మూసిన వ్యాను ఒకటి ఆగింది. డ్రైవరు, ఇద్దరు మనుషులు దిగారు. డ్రైవరు చేతిలో కుక్క మూతికి తొడిగే తోలు చిక్కం ఉంది. దున్నను చూసి, "అరె, పడుకోబెట్టేశారే. ఇంక ఈ చిక్కంతో పనేముంది," అని చిక్కాన్ని పక్కన పడేశాడు.

పెద్దాయన వెనకే వచ్చాడు. "మా బావమరిది క్వారీలో దొంగల బెడద ఎక్కువైంది. దీన్ని పంపుతానని మాటిచ్చేశాను."

"నాకూ ఇచ్చారండి."

"ముందే చెబితే పెట్టేదానివా? నీ చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ ముట్టదాయె."

"అందుకని నా చేత్తోనే పెట్టించారా."

ఆయన లోపలికి పోయాడు. ఆమె తన కుడిచెయ్యి చూసుకుంది. మాంసం జిడ్డు ఇంకా వదల్లేదు. పెద్దాయన తనను మోసం చేశాడు, సరే. అనుమానపడి కూడా తన మాట మీద నోరు తెరిచిన దాన్ని మోసం చేసింది మాత్రం తనే.

రంపం మేస్త్రీ కూడా ఓ చెయ్యి వేస్తేగానీ దున్న లేవలేదు. టార్పాలిన్ పట్టా మీద పెట్టి వ్యానులోకి జరిపారు. మేస్త్రీ ఆమె వైపు చూడలేదు.

"ఏం పెడతారక్కా దీనికి?" అని డ్రైవరు అడిగాడు.

చెప్పకూడదనుకుంది ఆమె. తినకపోనీ. మాడనీ. డొక్కలు ఎండితే ఆ పెద్దాయనే మళ్లీ కారేసుకుని తన దగ్గరికి వస్తాడు. ఆ ఊహ కాసేపు ఆమెకు బాగానే ఉంది. వ్యాను తలుపు వేస్తుంటే దున్న పక్కటెముకలు మెల్లగా లేస్తూ పడుతూ కనిపించాయి. ఆమె తలుపు పట్టుకుంది.

"అన్నా, ఆగు. చేతికిస్తేనే తింటుంది. ఎడమచెయ్యి గొంతు కింద పెట్టాలి. కానియ్యి తండ్రీ అనాలి."

"కానియ్యి తండ్రీ," అన్నాడు డ్రైవరు, బస్సెక్కే వాళ్లను తొందరపెట్టినట్టు.

"అలా కాదు. మెల్లిగా."

మళ్లీ అన్నాడు.

"ఇంకా దగ్గరగా. దాని మనిషివైనట్టు."

ఈసారి సరిగ్గా అన్నాడు. అంత తొందరగా అతనికి పట్టుబడటం ఆమె భరించలేకపోయింది.

"తిన్నాక వెంటనే పరుగెత్తించకండి. కడుపు మెలిపడుతుంది," అంది. వ్యాను వెళ్లిపోయింది.

"దున్నక్కా, టీ తాగుదువు రా," అని మేస్త్రీ పిలిచాడు. ఆమె గేటు వైపు నడిచింది. గేటు మూయబోతే రెక్క సగంలో ఆగింది. కింద తోలు చిక్కం అడ్డుపడి ఉంది. కొత్తది, బకిలుకు చుట్టిన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా ఎవరూ విప్పలేదు.