ముప్పై ఆరు లడ్డూలు

పదేళ్లుగా ఆ ఇంట్లో సారె పేర్చే చెయ్యి పెద్దకోడలు కిష్టవ్వదే. అట్లాంటిది ఈసారి ఆడబిడ్డ పెళ్లికి అత్త కొమురవ్వ ఆ పని చిన్నకోడలు బాలలక్ష్మికి అప్పగించింది. కిష్టవ్వకు కడుపు రగిలిపోయింది. నిన్నగాక మొన్న లక్సెట్టిపేట నుంచి వచ్చిన పిల్ల! నిజాం జమానా నాటి బడిపంతులు బిడ్డట, లెక్కలు వచ్చునట!

నిజానికి అది చిక్కు పనే. హుస్నాబాద్‌లో వీళ్లు తాంబాళంలో లడ్డూలను ఒక్క పొరగా, మెట్ల ఆకారంలో పేరుస్తారు: పైన ఒకటి, కింద రెండు, దాని కింద మూడు. చొప్పదండిలో వియ్యాలవారు అవే లడ్డూలను పీట మీద నలుచదరంగా పరుస్తారు. చదరంలో ఖాళీ కనిపిస్తే అపశకునం. కిష్టవ్వ ఎప్పుడూ ఖాళీల్లో ఖర్జూరాలు కుక్కి గట్టెక్కేది. ఆ తంటాలు ఎవరికి కావాలి?

"ముప్పై ఆరు చేద్దాం అత్తమ్మా," అన్నది బాలలక్ష్మి. "మెట్లు పేరిస్తే ఎనిమిది వరుసలు నిండుతయి. పీట మీద పరిస్తే ఆరుకు ఆరు నిండుతయి. గిట్ల రెండు తీర్ల నిండేది మల్ల పన్నెండు వందల ఇరవై అయిదే. నడుమ ఒక్కటి గూడ లేదు."

"నా తల్లే! ఇన్నేండ్లు గీ ఉపాయం ఎవ్వలకు తోచలే," అని కొమురవ్వ ఆమె బుగ్గలు పుణికింది. ఎవ్వలకు అంటే ఎవరికో కిష్టవ్వకు తెలియదా? తన బుగ్గలు ఏనాడైనా పుణికిందా ఈ అత్త?

బయలుదేరే పొద్దున బాలలక్ష్మి స్నానానికి పోగానే కిష్టవ్వ తాంబాళం మీది గుడ్డ విప్పింది. ఒక్క లడ్డూ తీస్తే బొక్క కనిపిస్తుంది. అందుకని అడుగు వరుస మొత్తం, ఎనిమిదికి ఎనిమిదీ తీసి వడ్ల గుమ్మిలో దాచింది. మెట్లు మెట్లుగానే ఉన్నాయి. పీట మీదికి వచ్చాక పోవాలి దాని పరువు, అనుకుంటూ గుడ్డ మళ్లీ ముడి వేసింది.

చొప్పదండిలో పెళ్లికొడుకు మేనత్త ఆరేసి చొప్పున పరచడం మొదలుపెట్టింది. అయిదో వరుసలో నాలుగు పెట్టేసరికి తాంబాళం ఖాళీ అయింది.

"గిదేంది వదినె?" అన్నదామె. కొమురవ్వ ముఖం పాలిపోయింది. కిష్టవ్వకు లోపల ఒకటే సంబరం. చెప్పుకోవే పంతులు బిడ్డా, చెప్పుకో!

బాలలక్ష్మి పీట వైపు చూసింది. ఉన్నవి ఇరవై ఎనిమిది. పోయినవి సరిగ్గా అడుగు వరుస. దారిలో జారిపడితే అంత లెక్కగా పోవు. ఆమె నిదానంగా తలెత్తి కిష్టవ్వ కళ్లలోకి చూసింది. కిష్టవ్వ గబుక్కున చూపు తిప్పుకుంది.

"లెక్క నేనే తప్పిన," అన్నది బాలలక్ష్మి మేనత్తతో. "మా అత్తమ్మ తప్పేం లేదు. అయిదుకు అయిదు పరుసుండ్రి, చదరం నిండుతది. మిగిలిన మూడు దేవుని కాడ పెట్టుండ్రి."

మేనత్త సరేనన్నది. కొమురవ్వ మాత్రం అందరి ముందే చిన్నకోడలి మీద విరుచుకుపడింది. "ఇగ మీదట ఏ సారె అయినా పెద్దదే పేరుస్తది. నువ్వు ముట్టకు!"

కోరుకున్నది దక్కింది. అయినా తిరుగు బస్సులో కిష్టవ్వకు కునుకు పట్టలేదు. బాలలక్ష్మి తిట్టలేదు, అడగలేదు, అత్తకు చెప్పనూ లేదు. ఇన్నాళ్లూ దానికి తెలివే ఉందనుకుంది. ఇప్పుడు మంచితనం కూడా దానిదే అయిపోయింది. పక్క సీట్లో నిశ్చింతగా నిద్రపోతున్న తోటికోడలిని చూస్తే కిష్టవ్వకు మునుపటికన్నా ఎక్కువ కుళ్లు పుట్టింది.