ఎడమ చెవిలో సందు

పొద్దున్నే గిన్నెలు కడిగేసి, జుట్టు ముడి వేసుకుని, చెల్లెలు కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చునేది. ఆసుపత్రి డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని రిపోర్టులుగా టైపు చేయడం ఆమె పని. బల్ల కింద కాలికి ఒక పెడల్ ఉంటుంది. తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలేస్తే ఆగిపోతాడు, మడమతో నొక్కితే అన్నమాటే మళ్లీ అంటాడు. డాక్టరు చేత రెండోసారి చెప్పించుకోగలిగిన మనిషి లోకంలో నువ్వొక్కతివేనే అని అక్క వేళాకోళం చేసేది. అక్కది కూడా కాలితో చేసే పనే, కుట్టుమిషను. ఇద్దరూ పెళ్లి జోలికి పోకుండా, ఒకే గదిలో చెరో గోడకి ఆనుకుని, చెరో పెడల్ తొక్కుకుంటూ బతికారు.

అక్క పోయి ఏడాది కావస్తోంది. మిషను మాత్రం నడుస్తూనే ఉంది. అంటే, మిషను మీద గుడ్డ కప్పే ఉంది, చప్పుడే నడుస్తోంది. మనుషులు పోయినా వాళ్ల చప్పుళ్లు ఉన్నచోటే ఉండిపోవడం తెలిసిందే కదా. ఆ గదిలో వాళ్లు బతికుండగా అన్న మాటలే వాటికి తోచినప్పుడు మళ్లీ వినిపిస్తాయి, కొత్తమాట ఒక్కటీ కలవదు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పినట్టే ఇదీ ముందే చెప్పేస్తారు. పక్కవీధిలో ఒకాయన పోయి చాలాకాలమైనా గురక మానలేదు. ఆ గురక లేనిదే నిద్ర పట్టదని ఆయన భార్య ఎవరి ఇంటికీ వెళ్లి రాత్రి ఉండదు. ఉన్నన్నాళ్లూ ఆ గురక మీదే ఆయన్ని తిట్టిపోసేది. సరే, అది వేరే సంగతి.

చెల్లెలి చిక్కల్లా, ఆమె చెవిలో పడ్డమాట బుర్రదాకా పోకుండా నేరుగా వేళ్లలోకి దిగిపోతుంది. మంచి టైపిస్టులందరికీ ఉండే జబ్బే. డాక్టరు ఒకపక్కా, అక్క ఒకపక్కా మాట్లాడుతుంటే వేళ్లకి తేడా తెలియదు. ఒకరోజు ఆసుపత్రి నుంచి సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఇదేం రిపోర్టు? 'పొట్ట మెత్తగా ఉంది, వాపు లేదు, పాలు పొంగిపోతున్నాయి చూడవే.' రోగి మగమనిషమ్మా!"

"మా అక్కండి."

"మీ అక్క నాకు తెలియదా? నా జాకెట్లన్నీ ఆవిడ చేతివే. ఆ మొహమాటంతోనే ఇన్నిసార్లు ఊరుకున్నా. ఇంకోసారి ఇంట్లోమాట రిపోర్టులో కనబడిందా, ఈ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. నేనేం చెయ్యలేను. ఆ వదులు ఇయర్‌ఫోన్లు అవతల పారేసి, బయటి చప్పుడు రానివ్వనివి కొనుక్కో."

చెల్లెలు సరేనంది. కానీ ఆ వదులు ఇయర్‌ఫోన్లు ఆమె ఊరికే పెట్టుకోవడం లేదు.

అక్క ఆసుపత్రిలో పోయింది. ఆఖరి రోజుల్లో చెల్లెలు మంచం పక్కనే కూర్చుని, మాటిమాటికీ కళ్లు తుడుచుకుంటూ ఉండేది. ఒక పూట స్నానం చేసి వస్తానని ఇంటికొచ్చి, తల తుడుచుకుంటూ అలాగే ఒరిగి నిద్రపోయింది. లేచి వెళ్లేసరికి అంతా అయిపోయింది. నర్సు, "పోయేముందు ఏదో అన్నారమ్మా. మీరు కాస్త తేరుకున్నాక వచ్చి వినండి, అదెక్కడికీ పోదు" అంది. చెల్లెలు మళ్లీ ఆ వార్డు మెట్లెక్కలేదు. అక్క తనని పిలిచి ఉంటుంది, 'ఎక్కడికి పోయావే, రావే' అని ఉంటుంది, ఆ పిలుపు ఆ మంచం దగ్గర రోజూ తిరుగుతూ ఉంటుంది. అది వింటే తను బతకలేదు. అంతే, అలా నమ్మేసింది.

తీరా చూస్తే డాక్టర్లు రిపోర్టులు చెప్పే గది ఆ వార్డును ఆనుకునే ఉంది. వాళ్ల మాటల వెనకాల ట్రాలీ చక్రాలు, దగ్గులు, తలుపులు అస్పష్టంగా వినిపిస్తాయి. ఒక్కోసారి వాటి వెనక ఇంకేదో కూడా. అలాంటప్పుడు ఆమె ఎడమ చెవిలోది కాస్త బయటికి లాగేది. ఆ సందులోంచి మిషను చప్పుడొచ్చి దాన్ని కప్పేసేది. ఇంట్లో అక్కని అడ్డం పెట్టుకుని ఆసుపత్రిలో అక్క నుంచి దాక్కుంటోంది.

ఇయర్‌ఫోన్లమ్మే ఆయన్ని వీధంతా చెవుల మావయ్య అంటారు. వాగుడుకాయ. ఆయన దుకాణంలోకి అడుగుపెడితే వస్తువు కొనడం తర్వాత, చెవి గురించి ఉపన్యాసం ముందు.

"చూడమ్మా, అందరూ రంగు చూస్తారు, మోత చూస్తారు. చూడాల్సింది ఈ రబ్బరు బుడిపె. చెవి రంధ్రం తిన్నగా ఉండదు, లోపల వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఇది కూర్చుంటేనే గాలి ఆగుతుంది, గాలి ఆగితేనే చప్పుడు ఆగుతుంది. ఏదీ, కుడిచెయ్యి తలమీంచి తిప్పి ఎడమ చెవి పట్టుకో. పైకి, కొంచెం వెనక్కి లాగు. ఇప్పుడు రెండోచేత్తో ఇది మెల్లిగా తిప్పుతూ లోపలికి పెట్టి, చెవి వదిలెయ్. వైరు చెవి మీంచి వెనక్కి పోవాలి, కిందికి వేలాడకూడదు. ఎలా ఉంది?"

"నొప్పిగా ఉంది మావయ్యా."

"అయితే పెద్దదైంది. మధ్య సైజు చూద్దాం. ఏదన్నా మాట్లాడు. నీ గొంతు బానలోంచి వచ్చినట్టుందా?"

"ఉంది."

"అదీ సంగతి! పాటలో డప్పు పల్చబడిందంటే ఎక్కడో సందుందన్నమాట. కుడిచెవికీ మధ్యదే కుదిరింది. మరి ఎడమకి ఇదే ఉంచనా?"

"ఎడమకి చిన్నది చాలు."

"రెండు చెవులూ ఒక్కలా ఉండవులే, కవలలు కావవి, అక్కాచెల్లెళ్లు. కానీ నీ ఎడమ చెవి చిన్నదేం కాదు. ఇందాక మధ్యది చక్కగా కూర్చుంది, నా కళ్లతో చూశాను."

"చిన్నదే ఇవ్వండి. నాకు అదే హాయి."

"హాయి కోసం వచ్చావా, పని కోసం వచ్చావా?" అని సణుగుతూనే ఆయన మధ్యది కూడా డబ్బాలో పడేశాడు. "బుద్ధి పుడితే మార్చుకో. వీధిలో నడిచేటప్పుడు మాత్రం పెట్టుకోకు. బస్సు వెనకాల వస్తున్నా తెలియదు, రేపు నీ చప్పుడు రోడ్డు మధ్యలో మిగిలిపోతుంది, దాని మీంచి బళ్లు పోతుంటాయి."

ఇంటికొచ్చి అలాగే పెట్టుకుంది. కుడిచెవి బిగుతుగా, ఎడమ చెవి వదులుగా. కొన్నాళ్లు ఎలాగో గడిచింది. ఒక మధ్యాహ్నం రిపోర్టు పంపబోతూ, ఎందుకైనా మంచిదని మళ్లీ చదివింది. 'రోగికి రెండుపూటలా ఒక మాత్ర ఇవ్వాలి, చాలదు, ఇంకో రెండు వెయ్యి.' అక్క ఎప్పుడో బొత్తాల గురించి అన్నమాట అది. పాలు పొంగితే నవ్వుకుని ఊరుకుంటారు. ఇది చదివి ఏ నర్సో ఇంకో రెండు మాత్రలు వేసి ఉంటే? తను దాక్కుంటున్న సందులోంచి ఎవరి ప్రాణమో జారిపోయేది.

డబ్బాలోంచి మధ్య బుడిపె తీసి మార్చింది. చెయ్యి తలమీంచి తిప్పి, ఎడమ చెవి పైకీ వెనక్కీ లాగి, మెల్లిగా తిప్పుతూ లోపలికి పెట్టి, వదిలేసింది.

మిషను కుట్టు మధ్యలో ఆగిపోయింది. ఫ్యాను ఆగిపోయింది, వీధి ఆగిపోయింది. ఆమె గుటక మింగితే గుహలో రాయి పడ్డట్టు వినబడింది. ఆ గదిలో ఆమె ఒంటరిగా ఉండడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

పెడల్ తొక్కింది. డాక్టరు ఊపిరి పీల్చుకోవడం దగ్గర్నుంచి వినబడింది. ఆయన కాగితం తిప్పాడు, కుర్చీ కిర్రుమంది. "ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో..." అంటుండగా ఆయన వెనక ఎక్కడో తలుపు తెరుచుకుంది, ట్రాలీ వెళ్లిపోయింది, ఆ చక్రాల వెనక అక్క గొంతు. చెల్లెలి చెయ్యి ఎడమ చెవిదాకా వెళ్లి ఆగింది. మడమతో నొక్కి, మళ్లీ విన్నది.

"ఫోనొద్దు నర్సమ్మా, పెట్టెయ్. అదొస్తే ఏడుస్తుంది. ఇక నేను దాన్ని ఓదారుస్తూ కూర్చోవాలి. పుట్టిందగ్గర్నుంచీ నాకదే పని. ఈ ఒక్కపనీ నన్ను నెమ్మదిగా చేసుకోనీ."

మొదట ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఎంతమాటంది! ఏడాదిపాటు ఏ పిలుపుకి భయపడి నిద్రలేకుండా గడిపిందో ఆ పిలుపే లేదు. తనని పిలవనే లేదు, వద్దంది. తర్వాత అక్క మొహం గుర్తొచ్చింది, పళ్ల మధ్య దారం కొరుకుతూ, ఎవరన్నా అడ్డొస్తే 'కాస్త జరుగు, వెలుతురు రానీ' అనే మొహం. మడమ నొక్కి ఇంకోసారి విన్నది. ఈసారి నవ్వొచ్చింది, ఆ నవ్వు మూసిన చెవుల్లో పెద్దగా మోగింది.

డాక్టరు చెప్పిందంతా టైపు చేసింది. అక్క మాట ఒక్కటీ అందులోకి పోలేదు. రిపోర్టు పంపేసి, ఇయర్‌ఫోన్లు తీసి డబ్బాలో పెట్టి, చెప్పులేసుకుని ఆసుపత్రికి వెళ్లింది.

నర్సు గుర్తుపట్టింది. "ఇన్నాళ్లకా రావడం! మాకు కంఠతా వచ్చేసింది."

అక్క పడుకున్న మంచం మీద ఇప్పుడు వేరే ఆవిడ ఉంది. జుట్టు బాగా పల్చబడింది, చేతికి సూది. పక్కనున్న స్టూలు ఖాళీగా ఉంది. చెల్లెలు మంచం చివర నిలబడింది. కాసేపటికి ఆ మాట గాల్లో వినిపించింది, మొదటి నుంచి చివరిదాకా.

"మీ అక్కా?" అంది మంచం మీదావిడ.

"అవునండి."

"గట్టిదే! ఆవిడ మాట విని నేనూ మావాళ్లందర్నీ రావద్దన్నాను. గొప్పగానే అన్నాను. కానీ నాకు ఆవిడంత ధైర్యం లేదని ఇప్పుడు తెలుస్తోంది." ఆవిడ స్టూలు వైపు చూసింది. "కాసేపు కూర్చోరాదూ?"

"నేను ఏడుస్తానేమోనండి."

"ఏడిస్తే బయటికి పంపించేస్తాను."

చెల్లెలు స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.