దర్వాజా చెక్క యుకులేలే

"ఏం పేరు కొట్టాలమ్మా?"

ఆబిడ్స్‌లో స్టీలు సామాన్ల దుకాణం అతను కొత్త టిఫిన్ డబ్బా మూతను ఒళ్లో పెట్టుకుని, పేర్లు కొట్టే మిషను చేతపట్టి అడిగాడు. "జనార్దన్" అంది అనురాధ, ఆలోచించకుండా. ఆ డబ్బా ఆమెది. తన జీతంతో కొన్నది, గన్‌ఫౌండ్రీలోని ఇన్సూరెన్స్ ఆఫీసుకు రోజూ తను మోసుకెళ్లబోయేది. అయినా మిషను గుర్రుగుర్రుమంటూ మొగుడి పేరు రాస్తుంటే ఆమెకు వింతగా ఏమీ అనిపించలేదు. నాంపల్లిలో ఆ ఇంటి వంటగదిలో గంగాళాల మీద కాలంచేసిన మామగారి పేరు, గిన్నెల మీద జనార్దన్ పేరు, కంచాల మీద కూతురు అక్షిత పేరు. పుట్టింటివాళ్లు పెట్టిన బిందె మీద నాన్న పేరు. అన్నిటినీ తోమేది మాత్రం అనురాధే. "పేరు కొట్టియ్యకపోతే ఫంక్షన్లకు పోయిన గిన్నె మళ్ల మనింటికి రాదు" అంటుంది అత్తగారు విద్యావతి. ఆ మాటలో నిజముంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు.

అలాంటి ఇంట్లో అనురాధకు యుకులేలే మీద మనసు పోయిందంటే ఆశ్చర్యమే. ఆ ఆశ్చర్యం ఆమెకూ ఉంది. ఒక ఆదివారం పొద్దున్న పబ్లిక్ గార్డెన్స్‌లో నడుస్తుంటే, బెంచీ మీద ఒక కాలేజీ అమ్మాయి చంటిపిల్లంత గిటారు లాంటిది, యుకులేలే అట, వాయిస్తోంది. కదలకుండా నిలబడిపోయిన అనురాధను చూసి "పట్టుకుంటారా ఆంటీ?" అని చేతికిచ్చింది. నాలుగంటే నాలుగే తీగలు. బొటనవేలితో అలా మీటిందో లేదో, చెక్క అదిరింది, దాన్ని ఆనించుకున్న గుండెలూ అదిరాయి. అనురాధ పైకే నవ్వేసింది. ఇన్నేళ్లలో ఆమె చేయి పడి తయారైనదేదీ ఎవరికో ఒకరికి వడ్డించకుండా మిగల్లేదు. ఈ మోత ఒక్కటే ఆమెకు మిగిలింది. "కొనేటట్టయితే ప్లైవుడ్‌ది వద్దాంటీ, అసలు చెక్కది చూడండి. వాయించినకొద్దీ గొంతు విచ్చుకుంటది" అంది ఆ అమ్మాయి. పాల ప్యాకెట్లతో పాటు ఆ మాటను కూడా అనురాధ ఇంటికి మోసుకొచ్చింది.

ఆబిడ్స్ దుకాణాల్లో ప్లైవుడ్‌వి చవకే. అసలు చెక్కవి ఆమె అందుకోలేనంత ఖరీదు. "ఎవరికి మేడమ్, బాబుకా పాపకా?" అని ప్రతిచోటా అడిగారు. "పాపకి" అని ప్రతిచోటా చెప్పింది. తనకని చెబితే నవ్వుతారని కాదు, తనకని ఒక వస్తువు అడిగే వాక్యం ఆమె నోటికి ఎప్పుడూ అలవాటు కాలేదు. ఇక కుక్కర్ కూతకీ కూతకీ మధ్య ఆన్‌లైన్‌లో వేట మొదలుపెట్టింది. పెద్ద సైట్లు వదిలేసి, నలుగురికీ తెలియని చిన్న చిన్న పేజీలు వెతికింది. బెండకాయ తోక విరిచి చూసి గానీ కొనని ఆడమనిషిని మోసం చేయడం అంత తేలికా! అమ్మే ప్రతివాణ్ణీ యుకులేలే బొడ్డు, అదే నడిమి గుండ్రటి రంధ్రం, అంచు దగ్గరగా ఫొటో తీసి పంపమంది. అక్కడ పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. ఒకతను పంపి దొరికిపోయాడు. ఇంకొకతను మళ్లీ పలకలేదు. "తెల్వనోళ్లకు పైసలు పంపకున్రి మేడమ్, పత్తా లేకుండ పోతరు" అని ఆఫీసులో శశికిరణ్ భయపెట్టాడు. బూట్లకు ఆర్డరిస్తే ఆయనగారికి దిండు గలీబు వచ్చిన కథ ఆఫీసంతటికీ తెలుసు.

అప్పుడు దొరికింది రాణి. జనగామ అవతల ఒక ఊళ్లో ఉంటుంది. కూల్చేసిన పాత ఇళ్ల టేకు దర్వాజాలు కొని, ఆ చెక్కతో యుకులేలేలు చేస్తుంది. వీడియో కాల్‌లో రేకుల షెడ్డు, రంపపు పొట్టు పడిన జుట్టు, వెనకాల ఆరేసిన చీరలు. పలక ఒకటి ఎత్తి వేలి కణుపుతో కొట్టింది. కంగుమంది.

"ఇగో, గీడ గొళ్లెం ఉండె. మేకు బొక్క పూడ్చిన. దాస్తలేను, చూస్కోన్రి. చెక్క పాతది గాబట్టి అగ్గువ. పనిల మాత్రం అగ్గువతనం లేదు మేడమ్."

అనురాధకు ఆమె మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది. తన పనికి తనే వెల కట్టి, తలెత్తి చెబుతున్న ఆడదాన్ని ఆమె అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. "నీ జీతమంటే మన జీతమే కదనే" అనే ఇంట్లో, చేసిన వంటకు "పర్వాలేదు" అన్నదే పెద్ద బిరుదు.

"ఎవరికి మేడమ్?"

"పాపకి. పదమూడేళ్లు."

"అయితే ఎడమ చెయ్యి ఫొటో పంపున్రి. తీగలు నొక్కే మెడ దానికి తగ్గట్టు చేస్త."

అనురాధ వంటగట్టు మీద తన చేయి పరిచి ఫొటో తీసి పంపింది. కాసేపటికే ఫోను మోగింది.

"అక్కా, కోపం జేస్కోకు. గిది పిల్ల చెయ్యి కాదు. మణికట్టు కాడ కాలిన మచ్చ ఉంది. గోర్లు సబ్బుకు అరిగినయ్. నా చెయ్యిసొంటి చెయ్యే. నీకేనా?"

అనురాధ మణికట్టు తిప్పి చూసుకుంది. కుక్కర్ ఆవిరికి చేయి కాలిన రోజు జనార్దన్ "జర చూస్కొని చెయ్యరాదు?" అన్నాడు. ఆ వెంటనే "చాయ్ అయ్యిందా?" అన్నాడు. పాపం, కఠినుడేం కాదు, చాయ్ టైమయింది అంతే. ఆ చెయ్యే రోజూ వడ్డిస్తున్న ఇంట్లో ఆ మచ్చ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎక్కడో ఉన్న రాణి ఫొటోలో చూసి పట్టుకుంది.

"ఔ. నాకే" అంది.

"గది చెప్పు మరి! పిల్ల కొలతకు చేస్తే నీ వేళ్లు ఒకదానిమీదొకటి పడుతుండె. లోపట పేరు కాల్చి ఇస్త. ఏం పేరు?"

నోటి చివరిదాకా 'జనార్దన్' వచ్చేసింది. దాన్ని మింగి, "అనురాధ" అంది.

పార్సిల్ ఆదివారం వచ్చింది. ఎవరి పేరున వచ్చినా విప్పేది జనార్దనే కాబట్టి ఆయనే విప్పాడు. "అరె, మస్తుంది! అక్షితా, నీదా?"

"నేనేం ఆర్డర్ చెయ్యలే డాడీ."

"అయితే మా అక్క బిడ్డ సంహిత బర్త్‌డేకి ఇచ్చేద్దాం. గిఫ్టు కొనే తిప్పలు తప్పింది."

ఎంత మామూలుగా అన్నాడంటే, అనురాధ చేయి అలవాటుగా గిఫ్టు కాగితం ఉన్న అల్మారా వైపు కదిలింది. ఆమె ఇష్టపడి కొనుక్కున్న పట్టు జాకెట్టు ముక్కా, గోడ గడియారమూ ఇలాగే ఆ వైపు వెళ్లిపోయాయి. ఇప్పుడు నోరు విప్పకపోతే ఇదీ వెళుతుంది. చేయి వెనక్కి తీసుకుంది.

"ఇచ్చేది లేదు. దాంట్ల నా పేరుంది."

జనార్దన్ ఫోను లైటు వేసి బొడ్డులోకి తొంగిచూశాడు. దర్వాజా చెక్క మీద నల్లగా, గుండ్రంగా 'అనురాధ'.

"గీ వయసుల నీకెందుకే గిది?"

"వాయించనీకి" అంది అనురాధ. ఆయన చేతుల్లోంచి తీసుకుని మీటింది. రెండు తీగలు తప్పాయి, మూడోది పలికింది. ఆ పలుకు గదిలో కాసేపు నిలిచింది. అక్షిత "మమ్మీ, మళ్ల కొట్టు" అంది.

దివాన్ మీద నుంచి అత్తగారు చేయి చాచింది. "ఇటియ్యి." అనురాధ భయపడుతూనే ఇచ్చింది. విద్యావతి కళ్లద్దాలు సర్దుకుని, లోపలి పేరును ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది. తిరిగిచ్చి, లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు జరిపిన చప్పుడు. బయటికి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో తను రోజూ నీళ్లు తాగే రాగి చెంబు ఉంది.

"రేపు ఆబిడ్స్ దిక్కు పోతవు గద. దీని మీద పేరు కొట్టియ్యి."

"మామయ్య పేరేనా అత్తమ్మా?"

ముసలావిడ చిరాగ్గా చూసింది.

"ఆయన తాగుతడా దీంట్ల నీళ్లు? తాగేది నేను. విద్యావతి అని కొట్టియ్యి."