ఉంగరాలక్క వేళ్ళు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద అమ్మాయి, ఆమె వెనక గోడకు ఆనుకుని వాళ్ళమ్మ, కిటికీ కింద మంచం మీద నానమ్మ, లోపలి గదిలో రాత్రి కాపలా డ్యూటీ చేసొచ్చి పడుకున్న తండ్రి. ఐదో మనిషి ఉంగరాలక్క ఆ ఇంటి మనిషి కాదు. ఆమె అప్పటికే అమ్మాయి నుదుటి చుట్టూ, చెవుల మీద వాజలీను పూసేసి, తోక దువ్వెనతో జుట్టును నాలుగు భాగాలుగా విడదీస్తోంది.

తన తలమీది ఉంగరాల జుట్టు వల్ల ఆమెకు ఆ పేరు వచ్చింది. అసలు పేరు అడిగినవాళ్ళు లేరు. ఉంగరాల జుట్టుకు నూనె పట్టించి చిక్కులు తీయాలన్నా, వంకర లేకుండా సాగదీసి తిన్నగా చేయాలన్నా ఆ చుట్టుపక్కల వీధులవాళ్ళు ఆమెకే కబురు పెడతారు. ఆమె నల్ల సంచి భుజాన వేసుకుని నడుచుకుంటూ వస్తుంది. ఈ ఇంటికి ఎన్నాళ్ళుగా వస్తోందో ఆమెకే గుర్తులేదు. కుర్చీలో ఉన్న అమ్మాయికి పాలపళ్ళు ఊడక ముందు నుంచీ వస్తోంది.

"అక్కా, మెల్లగా. ఆయన ఇప్పుడే కళ్ళు మూశారు," అంది అమ్మ గుసగుసగా.

"ఆయన కళ్ళు మూస్తే మనం నోళ్ళు మూయాలి. ఈ ఇంటి సంగతి నాకు కొత్తా చెల్లీ?" అంది ఉంగరాలక్క, అంత మెల్లగానే.

ఆ ఇంట్లో పగలంతా అలాగే మాట్లాడుకుంటారు. గిన్నెల కింద గుడ్డ పరిచి దించుతారు. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటుతారు. ఆ అమ్మాయి మాటలు నేర్చుకున్నదే గుసగుసల్లో. బడిలో పాఠం అప్పజెప్పినా వెనక బెంచీకి వినిపించేది కాదట. ఇప్పుడు కూడా వీధి చప్పుడు రాకుండా కిటికీ రెక్కలు మూసేశారు. కిర్రుమంటుందని పంకా ఆపేశారు. గదిలో గాలి కదలడం లేదు. డబ్బా మూత తీయగానే జుట్టు సాగదీసే క్రీము ఘాటు గోడలకు తగిలి వెనక్కి వచ్చినట్టు కమ్ముకుంది.

మంచం మీద నానమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమే ఉంగరాలూ, దాని జుట్టు నీకేం అపకారం చేసిందే?"

"నాకేం చేయలేదు పిన్నీ. నీ మనవరాలినే అడుగు."

"మీ బాబాయి నా తల చూసి, పిచ్చుకలకి అద్దెకిద్దామా అనేవాడు. అలా అంటూనే నలభై ఏళ్ళు ఆ గూడు పక్కనే పడుకున్నాడు."

అమ్మాయి పెదవి బిగించి నవ్వింది. వాళ్ళమ్మ మాత్రం నవ్వలేదు. "రేపు కళ్ళజోళ్ళ షాపులో చేరాలి అత్తయ్యా. మేనేజరు మొహం మీదే చెప్పాడు. ఆ తలతో కౌంటర్లో నిలబడితే వచ్చినవాళ్ళు అద్దాలు చూడరు, దీన్నే చూస్తారట. జుట్టు పద్ధతిగా చేసుకొస్తే పని ఇస్తానన్నాడు."

"అయితే వాడికే ముందు కళ్ళజోడు పెట్టాలి," అంది నానమ్మ.

ఉంగరాలక్క వేళ్ళతో అమ్మాయి నడినెత్తి తడిమింది. "తల తడపలేదు కదా?"

"లేదక్కా. తడపొద్దని నువ్వు చెప్పావుగా. నాలుగు రోజులైంది నీళ్ళు తగిలి," అని వాళ్ళమ్మే జవాబిచ్చింది. అమ్మాయి తన కాళ్ళవైపు చూసుకుంది.

ఈ పనిలో మొదటి కట్టుబాటు అదే. స్నానం చేసిన తలకు క్రీము పెట్టకూడదు. నాలుగు రోజుల జిడ్డు, చెమట తలమీది చర్మానికి పొరలా అడ్డం ఉంటుంది. ఆ పొర పోతే క్రీముకు వెంట్రుకకూ చర్మానికీ తేడా తెలియదు. ఉతికినట్టు శుభ్రంగా ఉన్న తలను ముట్టుకుంటే వేళ్ళ కింద కిచకిచమంటుంది. దాన్ని వెంటనే పట్టుకోవచ్చు.

"అక్క చెయ్యి వేస్తే చాలు, రాత్రి ఏం నూనె రాశామో చెప్పేస్తుంది," అంది వాళ్ళమ్మ కూతురితో, ధైర్యం చెబుతున్నట్టు. "ఆ చేతులు అట్లాంటివి."

ఉంగరాలక్క తడిమిన చేతిని వెనక్కి తీసుకుని, బ్రష్షు అందుకుంది.

ఆ వేళ్ళకు ఏమీ తెలియలేదు. జిడ్డు తెలియలేదు, పొడి తెలియలేదు. మందపాటి గుడ్డ చుట్టుకుని ముట్టుకున్నట్టు, అక్కడ ఏదో ఉందని మాత్రం తెలిసింది.

ఈ పని ఆమెకు మేనత్త నేర్పింది. 'కళ్ళతో చూడకు, పట్టుకుని చూడు,' అనేది మేనత్త. క్రీము పట్టించాక ఒక పాయను రెండు వేళ్ళ మధ్య పెట్టి మొదలు నుంచి చివరిదాకా జార్చాలి. ఉంగరాలు ఇంకా ఉంటే వేళ్ళకు చిన్న చిన్న మెట్లు తగులుతాయి. ఆ మెట్లు కరిగి నున్నగా అయిన క్షణంలో కడిగేయాలి. ఇంకాస్త ఆగితే వెంట్రుక తెగుతుంది. రబ్బరు తొడుగులు వేసుకుంటే ఆ క్షణం దొరకదని మేనత్త ఎప్పుడూ వేసుకోలేదు. ఉంగరాలక్కా వేసుకోలేదు. భర్త పోయాక ఒంటరిగా అద్దె గదిలో ఉంటూ, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికింది ఆ వేళ్ళతోనే. మేనత్త చివరి రోజుల్లో అన్నం ముద్ద పట్టుకోలేకపోయేది. ముసలితనం అనుకున్నారు అంతా.

ఉంగరాలక్కకు మొదట బొటనవేలి కొసకు స్పర్శ పోయింది. తర్వాత చూపుడువేలు. మొన్న వేడి టీ గ్లాసు పట్టుకుని పక్కింటావిడతో కబుర్లు చెబుతూ నిలబడింది. బొబ్బ లేచాక గానీ గ్లాసు కాలుతోందని తెలియలేదు. ఈ పొద్దున రవిక గుండీలు పెట్టుకోవడానికి అద్దం ముందు నిలబడి, ఒక్కొక్క గుండీనీ కళ్ళతో చూస్తూ పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక ఏ ఇంటి నుంచీ కబురు రాదు. కళ్ళున్నాయి కదా, కళ్ళతో నెట్టుకొద్దాం అనుకుంది. కొన్ని వారాలుగా అలాగే నెట్టుకొస్తోంది.

మెడ వెనక నుంచి మొదలుపెట్టింది. పాయ తర్వాత పాయ ఎత్తి, బ్రష్షుతో క్రీము పూసి, దువ్వెన వెనక వైపుతో కిందికి నొక్కింది. తెల్లటి క్రీము కింద నల్లటి ఉంగరాలు ఒక్కొక్కటే అణిగిపోతున్నాయి. మూసిన గదిలో నలుగురికీ చెమటలు పడుతున్నాయి. అమ్మాయి మెడ మీద చెమట చుక్కలు లేచి, క్రీముతో కలిసి జారాయి. ఉంగరాలక్క వాటిని తుడిచింది.

"మండుతోందా తల్లీ?"

"కొంచెం."

"కొంచెం ఉంటుంది."

ఆ మాట ఆమె అందరితో అనేదే. అమ్మాయి తల ఊపబోయి, కదలకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది. ఆమె చేతులు కుర్చీ అంచులను పట్టుకున్నాయి. లోపలి గదిలో తండ్రి గురక ఒకసారి ఆగి, మళ్ళీ మొదలైంది. అందరూ ఊపిరి బిగబట్టి, మళ్ళీ వదిలారు.

నడినెత్తి దాకా వచ్చాక మళ్ళీ అడిగింది. "ఓర్చుకోగలవా?"

"పర్లేదు పెద్దమ్మా," అంది అమ్మాయి. గొంతు పూర్తిగా రాలేదు. ఆ ఇంట్లో ఎవరి గొంతూ పూర్తిగా రాదు కాబట్టి ఉంగరాలక్కకు అది వింతగా తోచలేదు.

ముందు పాయ కూడా పూసేసి, ఆమె వెనక్కి వచ్చింది. మెడ దగ్గర పాయను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని జార్చింది. ఏమీ తెలియలేదు. మెట్లున్నాయో, కరిగాయో. వంగి చూసింది. మూసిన కిటికీ వెలుతురులో అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఇంకాస్త ఆగుదాం అనుకుంది. పాయ వదిలేసి దువ్వెన తుడుచుకుంటూ నిలబడింది.

"ఏమే," అంది నానమ్మ మంచం మీద నుంచి. ఈసారి ఆ గొంతులో హాస్యం లేదు. "పిల్ల కాళ్ళు చూడవే."

ఉంగరాలక్క చూసింది. అమ్మాయి కాలివేళ్ళు పదీ ముడుచుకుని నేలను గీరుతున్నాయి. అరికాళ్ళు తెల్లబడ్డాయి. కుర్చీ ముందుకు వచ్చి మొహం చూసింది. కళ్ళు మూసి ఉన్నాయి. కన్నీళ్ళు చెంపల మీదుగా, మూసిన నోటి పక్కనుంచి గడ్డం దాకా కారిపోతున్నాయి. ఆమె గబగబా నడినెత్తి మీద జుట్టు విడదీసింది. పాపిట తెల్లగా లేదు. పచ్చి మాంసంలా ఎర్రగా ఉంది.

"నీళ్ళు," అంది ఉంగరాలక్క. "చెల్లీ, నీళ్ళు. త్వరగా."

అమ్మాయి రెక్క పట్టుకుని పెరటివైపు నడిపించింది. వాళ్ళమ్మ ముందే పరుగెత్తి డ్రమ్ము మూత లాగి చెంబు ముంచింది. చెంబు అడుగున కొట్టుకుని ఖంగున మోగింది.

"అయ్యో, పొద్దున్నే నిండా పట్టి ఉంచానే! కుళాయి మళ్ళీ సాయంత్రం గానీ రాదే!"

"పక్కింటికి వెళ్ళు. పో!"

వాళ్ళమ్మ బకెట్టు పట్టుకుని బయటికి పరుగెత్తింది. ఉంగరాలక్క డ్రమ్మును వంచి, అడుగున మిగిలిన నీళ్ళు చెంబులోకి తీసి, వంగిన తల మీద పోసింది. ఇంకొక చెంబు. అంతే. ఆమె ఉత్త చేతులతో క్రీమును తోడి తోడి నేలకు విదిల్చింది.

"తలస్నానం చేశావా?" అని అడిగింది చెవి దగ్గర.

అమ్మాయి వంగిన చోటే ఊఁ అంది.

"ఎప్పుడు?"

"పొద్దున. నాన్న రాకముందు. నూనె కంపు కొడుతోందని... నువ్వు ముట్టుకుంటావుగా పెద్దమ్మా. సిగ్గేసింది."

"గట్టిగా రుద్దావా?"

"గోళ్ళతో." ఏడుపు మధ్యలో ఆ మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "అమ్మకి చెప్పకు. నీళ్ళన్నీ నేనే..."

మిగతా మాట అరుపై పోయింది. ఆ ఇంట్లో అంత గట్టి అరుపు ఎవరూ విని ఉండరు. లోపల మంచం కిర్రుమంది. తండ్రి బనీనుతో గుమ్మంలోకి వచ్చి, ఏం జరిగిందో అర్థంకాక, ఎండకు కళ్ళు చిట్లించి నిలబడ్డాడు.

పక్కింటి నుంచి నీళ్ళు వచ్చాయి. బకెట్టు తర్వాత బకెట్టు పోశారు. నీళ్ళు మొదట పాలలా, తర్వాత తేటగా కారాయి. ఉంగరాలక్క మెడ వెనక చెయ్యి పోనిచ్చి క్రీము వదిలించి, చెయ్యి బయటికి తీసింది. గుప్పిట్లో జుట్టు ఉంది. పొడుగ్గా, నున్నగా, ఒక్క వంకర లేకుండా. అది ఊడి వచ్చిందని ఆమె చేతికి తెలియలేదు, కళ్ళతో చూసి తెలుసుకుంది. తన భుజం మీది తువ్వాలు తీసి అమ్మాయి తలకు కప్పింది. అద్దుదామంటే ఎంత గట్టిగా అద్దుతోందో తెలియదని ఊరుకుంది.

ముందుగదిలోకి వచ్చాక ఎవరూ కూర్చోలేదు. అమ్మాయి గోడ పక్కన వణుకుతూ నిలబడింది. నానమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"డ్రమ్ము నీళ్ళు ఎవరు వాడారే?" అంది నానమ్మ.

తువ్వాలు కింద నుంచి అమ్మాయి కళ్ళు ఉంగరాలక్క వైపు తిరిగాయి. ఆ కళ్ళలో ఉన్నది వేడుకోలు. ఉంగరాలక్కకు ఒక్క మాట చాలు. పిల్ల తల కడుక్కుంది, నాకు చెప్పలేదు అంటే సరిపోతుంది. వాళ్ళమ్మ తలదించుకుంటుంది. తండ్రి కోపం ఇటు నుంచి అటు మళ్ళుతుంది. కానీ ఆ మాట వెనకాలే ఇంకో మాట వచ్చి నిలబడుతుంది. తలమీద చెయ్యి వేసి చూశావు కదా, నీ వేళ్ళకు ఎందుకు తెలియలేదు?

"అక్కా," అంది వాళ్ళమ్మ. అరవలేదు. గొంతు ఎప్పటిలాగే చిన్నదిగా ఉంది. "నీ చేతులకేమైంది?"

ఉంగరాలక్క రెండు చేతులనూ వెనక్కి పెట్టుకుంది.

"పొరపాటు నాదే చెల్లీ. కడగడం ఆలస్యం చేశాను."

"రేపు అది ఏ మొహంతో వెళ్తుంది?"

"ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఏ క్రీమని అడిగితే ఇది చూపించండి," అని డబ్బాను కిటికీలో పెట్టింది.

తండ్రి అంతసేపూ భార్యవైపే చూస్తున్నాడు. చివరికి ఆమెతోనే అన్నాడు. "ఆవిణ్ణి వెళ్ళమను." రాత్రంతా కాపలా కాసిన మనిషి గొంతు అది, అలిసిపోయి ఉంది. "వెళ్ళాక తలుపు వేసెయ్యండి."

ఉంగరాలక్క దువ్వెనలు, బ్రష్షు సంచిలో వేసుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటింది. నానమ్మ ఏదో అనబోయి మానేసి గోడవైపు తిరిగింది. వీధిలో ఎండ మండుతోంది. పక్కింటి వాకిట్లో ఇద్దరు ముగ్గురు అప్పుడే చేరి, ఆమె బయటికి రాగానే మాట ఆపేశారు. ఈ సంగతి సాయంత్రానికి చుట్టుపక్కల వీధులన్నీ తిరుగుతుంది. తిరగకపోయినా ఒకటే. ఈ సంచి మళ్ళీ ఏ ఇంట్లోనూ తెరవనని ఆమె ఆ మెట్టు మీదే, తనలో తాను వాదించుకోకుండా, నిశ్చయించుకుంది. సంచి జిప్పు లాగబోయింది. దాని కొస వేళ్ళకు దొరకలేదు. వంగి, వెతికి, కళ్ళతో చూసి పట్టుకుంది.

తల ఎత్తేసరికి గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది. ఏదైనా చెప్పడానికి వచ్చిందేమో అనుకుంది ఉంగరాలక్క. అమ్మాయి పెదవులు ఒకసారి కదిలాయి. వెనక లోపలి నుంచి వాళ్ళమ్మ పిలిచింది. అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి, ఆ ఇంట్లో తలుపులు వేసే పద్ధతిలోనే, రెక్క అంచును అరచేత్తో పట్టి, చప్పుడు కాకుండా మూసేసింది. లోపల గడియ కూడా అంత మెల్లగానే పడింది.

తలుపు సందులో తువ్వాలు కొస ఒకటి ఇరుక్కుని బయటే ఉండిపోయింది. దాని చివర నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కా ఎండిన మెట్టు మీద పడుతున్నాయి.